ఊళ్ల శిస్తుతో లేచిన కోఠీ ఊరి ఆడపిల్లల చదువుకే ఉండాలి

జనగామలో బస్సెక్కి భువనగిరి, ఘట్‌కేసర్, ఉప్పల్ మీదుగా హైదరాబాద్ వెళ్లే వారిలో కోఠీ పేరు తెలియనివారు ఉండరు. పెండ్లి బట్టలకు సుల్తాన్ బజారుకు, పిల్లల పుస్తకాల కోసం పాత పుస్తకాల దుకాణాలకు, రోగం ముదిరితే ఉస్మానియా దవాఖానకు పోయేవారంతా ఆ చుట్టుపక్కలనే దిగుతారు. అయితే ఆ పేటకు ఆ పేరు ఒక ఇంటి వల్ల వచ్చిందన్న సంగతి చాలామంది ఎరుగరు. కోఠీ అంటే పెద్ద భవంతి. ఇంగ్లీషు కంపెనీవారి ప్రతినిధి, అంటే రెసిడెంటు, కాపురమున్న భవంతి అది. ఇరవై శతాబ్దాల నాటిదేమీ కాదు. దాని పని మొదలైంది 1803లో. కాని ఆ ఇంట్లో జరిగిన సంప్రదింపుల ఫలితం నిజాం రాజ్యంలోని ప్రతి పల్లె మీదా పడింది.

ఆ ఇంటి ఆవరణలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ప్రభుత్వం వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టింది. పాలకుర్తిలో కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన వడ్ల గింజల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఐలమ్మ పేరు, ఒకనాడు నిజాంకే ఆజ్ఞలు పంపిన ఇంటి గేటు మీదికి రావడం చిన్న విషయం కాదు. పేరు పెట్టినందుకు సంతోషించి ఊరుకుంటే మాత్రం చాలదు. ఆ ఇల్లు ఎవరి సొమ్ముతో లేచింది, ఎవరి కోసం నిలవాలి అన్నది పల్లె ప్రజలు ఆలోచించవలసిన విషయం.

ఎవరి ఇల్లు, ఎవరి ఖర్చు

1798లో రెండవ నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో ఉంటుంది, దాని ఖర్చు నిజాం భరించాలి. అదే ఏడాది నిజాం కొలువులోని ఫ్రెంచి సేనానుల పటాలాన్ని రద్దు చేశారు. 1800లో మరో ఒప్పందం జరిగి, ఆ సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. తెలుగువారు దత్తమండలాలని పిలిచిన సీమ అదే. ఈ రెండు ఒప్పందాల కాలంలోనూ హైదరాబాద్‌లో రెసిడెంటుగా ఉన్నవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఇంగ్లీషు రెసిడెంటు కోసం మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున కొత్త భవనం కట్టాలని పట్టుబట్టినవాడు కూడా అతడే.

కట్టుబడి ఖర్చు నిజాం ఖజానా భరించింది. దీని మీద ఒక కథ చెప్పుకుంటారు. కిర్క్‌పాట్రిక్ మొదట స్థలం నక్షా పెద్ద కాగితం మీద గీయించి చూపితే, అంత జాగానా అని నిజాం ఒప్పుకోలేదట. తర్వాత అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీయించి తీసుకుపోతే, ఇంతేనా అని సంతోషంగా ఒప్పుకున్నాడట. నక్షా చిన్నదైతే జాగా చిన్నది కాదని ఊళ్లో పట్వారీ దగ్గర కాగితం చూసినవారెవరికైనా తెలుస్తుంది. కథ నవ్వించేదే అయినా అందులోని అసలు విషయం నవ్వవలసింది కాదు. నిజాం ఖజానాకు ప్రధానమైన రాబడి భూమి శిస్తు. శిస్తు కట్టింది దుక్కి దున్నినవాడు. కనుక ఆ భవనానికి అసలు పెట్టుబడి పెట్టినది పల్లెటూళ్లే అనడంలో సందేహం లేదు.

తెలంగాణ పల్లెల్లో దేశ్‌ముఖ్‌ల గడీలు ఎలాంటివో పెద్దవారికి చెప్పనక్కరలేదు. ఊరి మీద గడీ ఎలాగో, నిజాం రాజ్యం మీద రెసిడెన్సీ అలాగే నిలిచింది. గడీల మీది గడీ అది.

కట్టడం తీరు

కట్టడం గొప్పతనాన్ని ఒప్పుకోకపోవడం న్యాయం కాదు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ దీనికి రూపకల్పన చేశాడు. ఆ రోజులలో ఇంగ్లండులో ప్రభువుల ఇళ్లు పాత గ్రీకు, రోమను ఆలయాల తీరులో కట్టుకునేవారు. అదే పద్ధతి ఇక్కడికీ వచ్చింది. ఉత్తరపు ముఖాన వరుసగా ఆరు భారీ స్తంభాలు, వాటి తలల మీద చెక్కిన ఆకుల గుత్తులు, వాటి పైన త్రికోణాకారపు ముఖభాగం, అందులో కంపెనీ రాజచిహ్నం. ముందు విశాలమైన మెట్ల వరుస, దానికి ఇరుపక్కలా కాపలా ఉన్నట్టు రెండు సింహాలు. గుర్రపుబండి దిగి ఆ మెట్ల కింద నిలబడిన మనిషి తల పైకెత్తి చూడక తప్పదు. తల ఎత్తి చూసేవాణ్ణి చిన్నవాణ్ణి చేయడమే ఆ కట్టడం ఉద్దేశం.

లోపలికి పోతే దర్బారు హాలు. రెండంతస్తుల ఎత్తున ఒకే గదిగా కట్టినది, పైన వేలాడే పెద్ద దీపాల గుత్తులతో, గోడలకు నిలువెత్తు అద్దాలతో అలంకరించినది. హాలు వెనుక మెట్లు ఒక వరుసగా మొదలై, నడుమ రెండుగా చీలి, చెరొక పక్కగా పై అంతస్తుకు చేరతాయి. దేశంలో ఇంగ్లీషువారు కట్టించిన ఇళ్లలో ఇంత అందమైన మెట్ల వరుసలు అరుదని కట్టడాల చరిత్ర తెలిసినవారు చెబుతారు. ఇంచుమించు అదే కాలంలో, 1803లో, కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనం పూర్తయింది. దానితో పోటీపడే ఇల్లు ఒక దేశీయ సంస్థానంలో, అదీ సంస్థానాధీశుడి సొమ్ముతో లేవడం గమనార్హం.

ఇంకొక సంగతి కూడా మరువరాదు. నక్షా గీసింది ఇంగ్లీషువాడైనా, కట్టింది ఇక్కడి చేతులే. తళతళలాడే ఆ స్తంభాల నునుపు పాలరాయి వల్ల వచ్చింది కాదు. గానుగ తిప్పి మెత్తగా రుబ్బిన సున్నాన్ని పొరలు పొరలుగా పూసి, అరచేతితోనూ, నున్నటి రాయితోనూ రోజుల తరబడి రుద్దితే వచ్చే మెరుపు అది. ఆ పని చేసిన మేస్త్రీల పేర్లు ఏ ఫలకం మీదా చెక్కలేదు.

అందరూ చెప్పే కథ, చెప్పని కథ

ఈ ఇంటి గురించి పట్నంలో ఎక్కువగా చెప్పుకునేది ప్రేమకథ. కిర్క్‌పాట్రిక్ పారశీకం, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇక్కడి దుస్తులు ధరించేవాడు. హైదరాబాద్ ప్రభు కుటుంబానికి చెందిన ఖైరున్నీసా బేగంను ఇస్లాం స్వీకరించి పెళ్లాడాడు. ఆమె కోసం భవనం వెనుక రంగమహల్ అనే జనానా కట్టించాడు. పరదాలో ఉండే ఆమె భవనం ముందరి భాగం చూడలేదు గనుక, అచ్చంగా దాని పోలికలోనే చిన్న నమూనా ఇల్లు తోటలో కట్టించి చూపించాడని చెప్పుకుంటారు. వారికి ఇద్దరు పిల్లలు. 1805లో ఆ పిల్లలను చదువుకని ఇంగ్లండు పంపారు. తల్లి మళ్లీ వారి ముఖం చూడలేదు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి ఆ భవనమింకా పూర్తి కానేలేదు. ఖైరున్నీసా 1813లో కన్నుమూసింది. తర్వాతి రెసిడెంట్ల కాలంలో రంగమహల్‌ను కూల్చేశారు. మనసున్న ఎవరికైనా జాలి కలిగించే కథే ఇది.

ఎవరూ చెప్పని కథ వేరే ఉంది. అది అప్పుల కథ. కంపెనీ సైన్యం ఖర్చు ఏటేటా పెరిగింది. ఖజానా ఖాళీ అయింది. రెసిడెన్సీ నీడన వెలసిన పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపారం నిజాం సర్కారుకు భారీ వడ్డీకి అప్పులిచ్చింది. ఆ వడ్డీ తీర్చడానికి శిస్తు వసూళ్లను గుత్తకిచ్చారు. గుత్త తీసుకున్నవాడు రైతు గుంజుకున్నదంతా గుంజాడు. 1820లో రెసిడెంటుగా వచ్చిన ఛార్లెస్ మెట్కాఫ్ ఇదంతా చూసి ఆ కంపెనీ మీద తిరగబడ్డాడు. కంపెనీ కొద్ది ఏళ్లలోనే దివాలా తీసింది. కాని సైన్యం ఖర్చు ఆగలేదు, అప్పూ ఆగలేదు. చివరికి 1853లో ఆ బాకీ కింద సారవంతమైన బేరార్ సీమను ఇంగ్లీషువారికి అప్పగించవలసి వచ్చింది. ఊళ్లో సావుకారి చేతిలో నోటు రాసి, పొలం పోగొట్టుకున్న రైతు కథకూ దీనికీ తేడా ఏమీ లేదు. పోయినది ఎకరాలు కాక జిల్లాలు, అంతే.

మర్యాదలు కూడా క్రమంగా మారాయి. మొదట్లో నిజాం దర్బారుకు వచ్చిన రెసిడెంటు చెప్పులు విడిచి, నేల మీద కూర్చునేవాడు. 1869లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పసిబాలుడిగా గద్దెనెక్కినప్పటి నుంచి రెసిడెంటు బూట్లతోనే వచ్చి కుర్చీలో కూర్చోసాగాడు. నేల మీది నుంచి కుర్చీ మీదికి చేరడానికి ఇంచుమించు డెబ్బై ఏళ్లు పట్టింది. ఆ డెబ్బై ఏళ్ల చరిత్రే రెసిడెన్సీ చరిత్ర.

గోడ మీద గుండు దెబ్బ

ఈ ఇంటిని ఎవరూ ఎదిరించలేదని అనుకోరాదు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వాన వందలాది రొహిల్లాలు రెసిడెన్సీ మీదికి దండెత్తారు. ఎదురుగా ఉన్న రెండు ఇళ్లలో చేరి రాత్రంతా తుపాకులు పేల్చారు. రెసిడెన్సీ ఫిరంగుల ముందు నిలవలేక తెల్లవారేసరికి వెనుకకు తగ్గారు. మౌల్వీని అండమాన్ దీవులకు పంపగా, ఆయన అక్కడే కన్నుమూశాడు. తుర్రేబాజ్ ఖాన్ చెర నుంచి తప్పించుకున్నా, 1859లో తూప్రాన్ దగ్గర చంపబడ్డాడు. జనం భయపడాలని అతని శవాన్ని నగరంలో వేలాడదీశారు. ఆ దాడి తర్వాతనే రెసిడెన్సీ చుట్టూ గోడలు, బురుజులు బలపరిచారు. ఇంటికి బురుజులు ఎందుకు కావాలో గడీలు చూసినవారికి వేరే చెప్పాలా?

1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన చోటుకూ, 1857లో తుర్రేబాజ్ ఖాన్ పోరాడిన చోటుకూ నడుమ దూరం, కాలం ఎంత ఉన్నా, తుపాకి ఎక్కుపెట్టినవారి వెనుక ఉన్న బలం ఒకే గొలుసులోనిది. ఊరి దొరకు నిజాం అండ. నిజాంకు రెసిడెంటు అండ. ఈ గొలుసు పై కొస ఆ తెల్లటి స్తంభాల ఇంట్లో ఉండేది.

దొరల ఇంట ఆడపిల్లల చదువు

1947లో ఇంగ్లీషువారు వెళ్లిపోయారు. రెసిడెంటు పదవి పోయింది. 1949లో ఆ ఇంట్లోకి ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాల వచ్చింది. ఆ కళాశాల అంతకు ముందే, 1924లో, మొదలై ఇతర చోట్ల నడిచినది. సింహాల నడుమ మెట్లెక్కి, పుస్తకాలు చంకన పెట్టుకుని ఆడపిల్లలు దర్బారు హాలులోకి నడిచారు. చరిత్రలో ఇంతకన్నా న్యాయమైన తీర్పు అరుదు. ఆనాటి నుంచి వేలాది మంది పల్లెటూరి ఆడపిల్లలు కోఠీ కాలేజీలో చదివి పంతులమ్మలుగా, ఉద్యోగినులుగా ఊళ్లకు తిరిగి వచ్చారు. ఆ కళాశాలే 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా మారింది. 2024లో ఐలమ్మ పేరు వచ్చింది.

కాని ఇల్లు ఒక పక్క చదువు చెబుతూనే మరొక పక్క శిథిలమైంది. కప్పు కారింది, పెచ్చులు ఊడాయి, గదులు మూతపడ్డాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న వంద కట్టడాల జాబితాలో 2002లో దీని పేరు చేరింది. ప్రపంచ కట్టడాల నిధి వంటి సంస్థల సాయంతో ఏళ్ల తరబడి మరమ్మతులు జరిగి, 2023లో భవనం తిరిగి తెరుచుకుంది. విదేశాల వారు చెబితే గాని ఇంటి కప్పు కారుతోందన్న సంగతి పట్టించుకోకపోవడం మెచ్చుకోదగిన విషయం కాదు.

ఇలాంటి ఇళ్లు పాడు కావడానికి కారణం వయసు ఒక్కటే కాదు. పాతకాలపు డంగు సున్నం గోడ తడి పీల్చుకుని, ఎండకు తిరిగి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి పోలేక ఇటుకను తినేస్తుంది. కప్పు మీద మొలిచిన రావి మొక్కను ఏడాదిలోపు పీకితే చేతితో వస్తుంది. పదేళ్లు వదిలితే గోడను చీలుస్తుంది. ఊళ్లో పాత ఇల్లు ఉన్న ఏ ముసలమ్మను అడిగినా ఈ మాటే చెబుతుంది. ఏటా వానలకు ముందు కొద్దిపాటి ఖర్చు పెడితే, ఇరవై ఏళ్లకొకసారి కోట్లు గుమ్మరించవలసిన పని ఉండదు.

రెండు వాదాలు

ఈ ఇంటి విషయంలో రెండు వాదాలు వినవస్తున్నాయి. ఇది బానిసత్వపు గుర్తు, దీనికి డబ్బు తగలేయడం ఎందుకని కొందరు అంటారు. ఆ మాట వెనుక ఉన్న కోపం న్యాయమైనదే. కాని కోపాన్ని గోడల మీద తీర్చుకుంటే నష్టపోయేది గోడలు కట్టిన సొమ్ము ఇచ్చినవారే. గడీని కూల్చిన ఊళ్లో ఇటుకలు నలుగురి ఇళ్లకు చేరాయి, చరిత్ర ఎవరికీ దక్కలేదు. గడీలో బడి పెట్టిన ఊళ్లో పిల్లలు దొర కూర్చున్న చోటే కూర్చుని అక్షరాలు దిద్దారు. రెండింటిలో ఏది గెలుపో వేరే చెప్పనవసరం లేదు.

దీన్ని పెద్ద హోటలుగా మార్చితే లాభమని మరికొందరి వాదం. ఫలక్‌నుమా మహలు 2010 నుంచి విలాసవంతమైన హోటలుగా నడుస్తున్న మాట నిజమే. దాని యాజమాన్యం వేరు, సంగతి వేరు. కోఠీ ప్రభుత్వ ఆస్తి, ప్రజల ఆస్తి. ఒక రాత్రి బసకు కూలివాని ఏడాది సంపాదన చాలని చోటుగా దీన్ని మార్చితే, 1803లో మూసిన తలుపులను మళ్లీ మూసినట్లే అవుతుంది.

స్తంభాలకు డబ్బు పెట్టే బదులు హాస్టలు గదులు కట్టరాదా అన్న ప్రశ్న మాత్రం కొట్టిపారేయదగినది కాదు. జిల్లాల నుంచి పోయిన ఆడపిల్లకు ముందు కావలసింది భద్రమైన గది, మంచినీళ్లు, కడుపునిండా తిండి. అయితే ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీ పెట్టడం అధికారుల లెక్కల పద్ధతి. ఇంటి మరమ్మతు ఖర్చును విశ్వవిద్యాలయం బోధన నిధుల నుంచి తీయరాదు. పురావస్తు, పర్యాటక శాఖల పద్దుల నుంచి వేరుగా ఇవ్వాలి. హాస్టలు నిధి హాస్టలుకు, మరమ్మతు నిధి మరమ్మతుకు ఉండాలి.

చేయవలసినవి

మొదటిది, ఏటా వానాకాలానికి ముందు కప్పు, గోడలు, నీరు పోయే తూములు తనిఖీ చేసి బాగుచేయడానికి శాశ్వతమైన నిధి ఉండాలి. రెండవది, డంగు సున్నం పని, రాతిపని తెలిసిన పాత మేస్త్రీల దగ్గర పల్లెల యువకులకు తర్ఫీదు ఇప్పించాలి. ఆ విద్య నేర్చినవారికి రాష్ట్రమంతటా గుళ్లు, మసీదులు, కోటలు పని ఇస్తాయి. మూడవది, జిల్లా పరిషత్ పాఠశాలల పిల్లలు విహారయాత్రకు హైదరాబాద్ పోయినప్పుడు చార్మినార్, జూతో పాటు కోఠీని కూడా ఉచితంగా చూసే వీలుండాలి. బొల్లారంలో ఒకనాటి రెసిడెంటుగారి విడిది ఇల్లే నేటి రాష్ట్రపతి నిలయం. దాన్ని 2023 నుంచి ఏడాది పొడవునా ప్రజలకు చూపిస్తున్నారు. అక్కడ వీలైనది, తరగతులకు భంగం కలగని రోజులలో ఇక్కడ వీలు కాకపోవడానికి కారణం లేదు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. వచ్చిన పిల్లలకు చెప్పే కథ పూర్తిగా ఉండాలి. కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల కథ చెప్పవలసిందే. దానితో పాటు శిస్తు కథ, బేరార్ కథ, తుర్రేబాజ్ ఖాన్ కథ, ఐలమ్మ కథ కూడా తేట తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. పాలకుర్తి నుంచి వచ్చిన పిల్ల ఆ మెట్ల కింద నిలబడి, ఈ ఇంటికీ తన ఊరికీ ఏమిటి సంబంధం అని అడిగితే, గోడ మీద జవాబు దొరకాలి.

ఐలమ్మ పండించిన వడ్లను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని వచ్చినప్పుడు, సంఘం వారు అండగా నిలిచి ఆ గింజలను ఆమె ఇంటికే చేర్చారు. పండించిన వారికే పంట దక్కాలన్నది ఆనాటి న్యాయం. ఆ న్యాయం ప్రకారమే ఊళ్ల శిస్తుతో లేచిన ఆ కోఠీ ఊళ్ల ఆడపిల్లలకు దక్కాలి. ప్రభుత్వం పేరు పెట్టి ఒక అడుగు వేసింది. నిధి కేటాయించి రెండవ అడుగు వేయవలసి ఉంది. జిల్లా ప్రజాప్రతినిధులు ఈ విషయాన్ని శాసనసభలో ప్రస్తావించడం ఎంతైనా అవసరం. కూతురిని కోఠీలో చదివిస్తున్న తల్లిదండ్రులు కూడా, ఫీజు రసీదు గురించి అడిగినట్టే, ఆ ఇంటి కప్పు గురించి కూడా అడగాలి. ఆ కప్పు తమదే గనుక.